గెలీలియో పాట ఉన్న ఆల్బమ్

చిన్నూకీ, అమ్ములుకీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకి వచ్చినప్పుడు కారులో నేను పెట్టిన పాట విని, "గెలీలియో గెలీలియో అని ఎందుకు అరుస్తున్నారు తాతయ్యా, వాళ్లకేమైంది?" అని ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ ట్రాఫిక్‌లో మీకు సరిగ్గా చెప్పలేకపోయాను. మొన్న ఆ ఆల్బమ్ మొత్తం కూర్చుని మళ్లీ విన్నాను. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

దాని పేరు 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా'. క్వీన్ అనే ఇంగ్లండు బృందం 1975 నవంబరులో విడుదల చేసింది. పేరు మాత్రం మార్క్స్ బ్రదర్స్ అనే పాతకాలపు హాస్యనటుల సినిమా నుంచి తీసుకున్నారు. ఓడ మీద ఉద్యోగం చేసే మా బాబాయి విశాఖకి వచ్చినప్పుడు ఆ క్యాసెట్ తెచ్చాడు. నాకప్పటికి వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. పాటల్లో మాటలు తలకెక్కేవి కావు, చప్పుళ్లు మాత్రం భలే ఉండేవి. ఆ చప్పుళ్ల కోసమే రివైండ్ చేసి చేసి వినేవాణ్ణి. అవన్నీ ఎలా పుట్టాయో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. తెలిశాక ఆ ఆల్బమ్ ఇంకా తమాషాగా అనిపించింది.

మొదటి పాట ఎవరినో చెడామడా తిట్టేది. అది వదిలేయండి. రెండోది నిమిషం పైన కొన్ని సెకన్లే ఉంటుంది. అందులో గొంతు పాత గ్రామఫోను బూరాలోంచి వచ్చినట్టుంటుంది కదా? అదెలా చేశారంటే, గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ మామూలుగానే పాడాడు. ఆ పాటని హెడ్‌ఫోన్స్‌లోకి పంపి, ఆ హెడ్‌ఫోన్స్‌ని ఒక రేకు బకెట్లో పెట్టి, బకెట్లో మోగిన శబ్దాన్ని మైకుతో మళ్లీ పట్టారు. ఇప్పుడైతే ఫోనులో ఒక బటన్ నొక్కితే అయిపోతుంది. అప్పట్లో బకెట్ వెతుక్కోవాల్సిందే. (ఇంట్లో మీరూ చేసి చూడొచ్చు. అమ్మని అడిగి బకెట్ తీసుకోండి, నీళ్లు లేకుండా చూసుకోండి.)

'సీసైడ్ రాందేవూ' అనే పాట మధ్యలో క్లారినెట్లు, బాకాలు మోగుతాయి. అక్కడ ఊదే వాయిద్యం వాయించినవాళ్లు ఎవరూ లేరు. ఫ్రెడీ, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ నోటితోనే ఆ చప్పుళ్లన్నీ చేశారు. తర్వాత టకటకమని బూట్ల డాన్సు వినిపిస్తుంది. అవి బూట్లు కావు. కుట్టుపని చేసేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే చిన్న టోపీలుంటాయి చూశారా, వాటిని వేళ్లకి తొడుక్కుని బల్ల మీద టకటకలాడించారు. ఇద్దరు పెద్ద మగాళ్లు స్టూడియోలో కూర్చుని ఎంతో శ్రద్ధగా ఆ పని చేస్తున్నట్టు ఊహించుకుంటే నాకిప్పటికీ నవ్వాగదు.

గిటార్ సంగతికొస్తాను. ఈ బృందంలో గిటార్ వాయించే బ్రయాన్ మే పదహారేళ్ల వయసులో వాళ్ల నాన్నతో కలిసి తన గిటార్ తానే చేసుకోవడం మొదలుపెట్టాడు. కొనడానికి డబ్బులు లేక. ఎవరింట్లోనో పీకేసిన పాత చలిమంట గూటి చెక్కతో దాని మెడ చేశారు. ఆ చెక్కకి పురుగు తొలిచిన చిల్లులుంటే అగ్గిపుల్లలతో పూడ్చారట. మోటార్ సైకిల్ ఇంజను స్ప్రింగులు వాడారు, మెడ మీద తెల్ల చుక్కల కోసం ముత్యపు చిప్ప గుండీలు పొదిగారు. తీగలు మీటడానికి బ్రయాన్ వాడేది ఆరు పెన్నీల నాణెం. 'గుడ్ కంపెనీ' పాట చివర్లో బాకాలూ క్లారినెట్లూ కలిసి పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలా హడావిడి చేస్తాయి. అదంతా ఈ ఒక్క గిటార్ మీద, ఒక్కో వాయిద్యాన్ని విడివిడిగా అనుకరిస్తూ ముక్కముక్కగా రికార్డు చేసి అతికించిందే. మీటలు నొక్కితే రకరకాల చప్పుళ్లు పుట్టించే కరెంటు వాయిద్యాన్ని సింథసైజర్ అంటారు. ఆల్బమ్ అట్ట మీద "సింథసైజర్లు లేవు" అని వాళ్లు గొప్పగా అచ్చు వేయించుకున్నారంటే వేయించుకోరూ మరి!

ఇక మీ గెలీలియో. ఆ పాట 'బొహీమియన్ రాప్సొడీ', 5 నిమిషాల 55 సెకన్లు. మధ్యలో వందమంది పాడుతున్నట్టుండే భాగంలో నిజానికి ఉన్నవి ముగ్గురి గొంతులే: ఫ్రెడీ, బ్రయాన్, రోజర్. చెవులు చిల్లులు పడేలా పైస్థాయిలో వచ్చే గొంతు రోజర్‌ది. ముగ్గురూ కలిసి ఒక స్వరం పాడతారు, అదే మళ్లీ పాడతారు, తర్వాత ఇంకో స్వరం. అప్పటి టేపులో పక్కపక్కన విడివిడిగా రికార్డు చేసుకునే వరసలు (ట్రాకులు) ఇరవైనాలుగే పట్టేవి. అవి నిండిపోతే అన్నిటినీ కలిపి ఒకటి రెండు వరసల్లోకి దించి, ఖాళీ అయినచోట మళ్లీ పాడేవాళ్లు. ఈ ఒక్క భాగానికే మూడు వారాలు పట్టింది. టేపు తిరిగి తిరిగి పైపూత ఎంత అరిగిపోయిందంటే, వెలుతురుకి పెట్టి చూస్తే అవతలివైపు కనిపించేదట. అంత పాటుపడి పాడింది ఏమయ్యా అంటే గెలీలియో, ఫిగరో, బిస్మిల్లా! ఆ మాటలకి అర్థం చెప్పమంటే ఫ్రెడీ ఎప్పుడూ చెప్పలేదు. నన్నడిగితే వెతకడం కూడా దండగ, ఆ మాటలు నోట్లో ఎంత బాగా తిరుగుతున్నాయో చూడండి చాలు. ఇంత పొడుగు పాట రేడియోలో ఎవరు వేస్తారని కంపెనీవాళ్లు టెన్షన్ పడ్డారు. తీరా చూస్తే ఇంగ్లండులో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

ఆ ఫ్రెడీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. పార్సీల అబ్బాయి, పుట్టింది జాంజిబార్‌లో. చదువుకోవడానికి ఎనిమిదేళ్లకే మన దేశం పంపించారు. మహారాష్ట్రలో కొండల మీద పంచ్‌గని అనే ఊళ్లో హాస్టల్లో ఉన్నాడు, అక్కడి పిల్లలతోనే మొదటి బ్యాండు కట్టాడు. 1991లో, నలభై అయిదేళ్లకే పోయాడు.

అమ్ములూ, నీకు అంతరిక్షం పిచ్చి కదా, ‘'39' అనే పాట నీది. వినడానికి జానపదంలా హాయిగా సాగిపోతుంది. కథేమో, కొందరు కొత్త లోకం వెతుక్కుంటూ ఓడెక్కి వెళ్లి తిరిగొస్తారు. వాళ్లకి గడిచింది ఒక్క ఏడాది, ఇక్కడ మాత్రం వందేళ్లు. కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణిస్తే కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. రాసింది బ్రయాన్. అతను ఖగోళశాస్త్రం చదువుతూ మధ్యలో ఆపేసి పాటల్లోకి వచ్చాడు, 2007లో ఆ పీహెచ్‌డీ పూర్తి చేశాడు. ఈ పాటకి మనిషంత ఎత్తుండే డబుల్ బాస్ వాయించమని, బృందంలో బాస్ గిటార్ వాయించే జాన్ డీకన్‌ని సరదాకి అన్నాడట. జాన్‌కి అది రాదు. రెండ్రోజులకి చూస్తే స్టూడియోలో ఆ వాయిద్యంతో కూర్చుని నేర్చేసుకున్నాడు.

చివర్లో ఇంగ్లండు జాతీయగీతాన్ని గిటార్ల మీద వాయించి ముగించారు. మా చిన్నప్పుడు హాల్లో సినిమా అయిపోయాక జనగణమన వేసేవాళ్లు, అలాగన్నమాట.

ఒక్క పని చేయండి. ఎనిమిది నిమిషాలకి పైగా ఉండే 'ది ప్రాఫెట్స్ సాంగ్' ఉంది చూశారా, దాని మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి ఫ్రెడీ గొంతొక్కటే మిగులుతుంది. అతను పాడిన ముక్కనే కాస్త ఆలస్యంగా టేపు మళ్లీ వినిపిస్తుంది, ఆ తర్వాత ఇంకోసారి. దాని మీదే అతను కొత్త ముక్క పాడుతుంటాడు. అలా తనతో తనే కలిసి పాడతాడు. గొంతులు ఎడమ చెవికీ కుడి చెవికీ అటూ ఇటూ పరిగెడుతుంటాయి. అందుకని మీ అలవాటు ప్రకారం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పంచుకోకండి, ఇద్దరికీ సగం పాటే వినిపిస్తుంది. వంతులు వేసుకోండి. ముందెవరని మాత్రం నాకు ఫోన్ చేయొద్దు.

మీ తాతయ్య