ఉద్యోగంలో రాతకోతలు: అపోహలు - వాస్తవాలు

నేను కార్మిక చట్టాల కేసులు చూసే వకీలుని. పనివాళ్లూ వస్తారు, ఓనర్లూ వస్తారు. సంతకం పెట్టేశామే అని ఒకరికి బెంగ, ఏమీ రాయించుకోలేదే అని ఇంకొకరికి టెన్షన్. అందుకే రాతకోతల చుట్టూ ఉన్న అపోహల గురించే రాస్తున్నాను.

అపోహ: సంతకం పెట్టేశాక ఇక ఏమీ రాదు

విజయవాడలో ఒక బట్టల షాపులో పదకొండేళ్లు సేల్స్‌లో పనిచేసినావిడ వచ్చారు. మానేసే రోజున "నాకు రావలసింది ఏమీ లేదు" అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. "సంతకం పెట్టాక ఇంకేముంటుంది మేడమ్?" అన్నారు.

ఉంటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు పనిచేసిన ఏళ్ల లెక్కన వచ్చే సొమ్ము, చట్టం ఇచ్చిన హక్కు. అలాంటి కాగితంతో అది పోదు. ఆవిడ ఆఖరి జీతం 13,000. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 7,500. పదకొండేళ్లకు 82,500 రూపాయలు. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి.

మరి పదకొండేళ్లు పనిచేసినట్టు రుజువేది? అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు, పే స్లిప్ లేదు. ఆవిడ తెచ్చిన ప్లాస్టిక్ కవర్ బల్ల మీద బోర్లిస్తే దసరా బోనస్ కవర్లు బయటపడ్డాయి. ఒక్కో దాని మీద ఆవిడ పేరు, సంవత్సరం, షాపు స్టాంపు. అందులో డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, ఖాళీ కవర్లను మాత్రం దేవుడి గూట్లో దాచుకున్నారు. కేసు వాటి మీదే నిలబడింది.

జీతం విషయంలోనూ అంతే. రావలసిన జీతాన్ని, బోనస్‌ను వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని జీతాల మీద వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్, నేరుగా చెబుతోంది. ఇచ్చామని రుజువు చేసుకోవలసిన భారం కూడా యజమానిదే.

అపోహ: నోటీసు ఇవ్వకుండా మానేస్తే పీఎఫ్, గ్రాట్యుటీ పోతాయి

పోవు. పనివాళ్లను ఇక్కడే ఎక్కువగా బెదిరిస్తుంటారు. ఒప్పందం ప్రకారం నోటీసు కాలానికి జీతం అడగొచ్చు, అది న్యాయమే. మీరు చెప్పాపెట్టకుండా మానేస్తే అవతల షాపు నడిపేవాళ్లకూ ఇబ్బందే కదా. కానీ గ్రాట్యుటీని ఆపాలంటే నష్టం కలిగించడం, దౌర్జన్యం, నైతికంగా నీచమైన నేరం లాంటి కారణంతో డిస్మిస్ చేసి ఉండాలి. పీఎఫ్ మీ ఖాతాలోని సొమ్ము, దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. జీతంలో పీఎఫ్ కోసి జమ చేయకపోతే అది నమ్మకద్రోహం కిందికి వచ్చే నేరం. నెలకోసారి పాస్‌బుక్ చూసుకోండి.

అపోహ: సెటిల్‌మెంట్‌కి 45 రోజులు ఆగాల్సిందే

చాలా కంపెనీల్లో అలవాటు అది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి మాత్రం ముప్పై రోజుల గడువు ఉంది.

అపోహ: ఇన్నేళ్లు పనిచేస్తామని రాసిచ్చిన బాండ్లు ఏవీ చెల్లవు

సోషల్ మీడియాలో తెగ తిరుగుతున్న మాట ఇది. నమ్మి దెబ్బతినకండి. మూడేళ్లు నిండకుండా వెళ్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కట్టమనే మొత్తం సమంజసంగా ఉందా, మీ వల్ల సంస్థకు నిజంగా ఖర్చయిందా అన్నది ఏ కేసుకా కేసు తేలాలి. అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకున్నట్టు దాచుకునే హక్కు ఏ కంపెనీకీ లేదు.

అపోహ: "రేపటి నుంచి రాకు" అంటే సరిపోతుంది

ఇది ఓనర్ల కోసం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసైనా ఇవ్వాలి, నెల జీతమైనా ఇవ్వాలి. "వాడే మానేశాడండీ" అనే ఓనర్లను నేనడిగేది ఒక్కటే: పనిలోకి రమ్మని ఉత్తరం రాశారా? చెప్పకుండా గైర్హాజరైనా, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తొలగించడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగానే మానేసి వెళ్లిన మనిషికి, ఆ ఒక్క ఉత్తరం లేక పాత జీతాలు కట్టుకున్న చిన్న ఓనర్‌ని చూశాను. పాపం అనిపించింది. ముప్పై రూపాయలతో పోయే పనికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. ఇవ్వండి. అది మీకూ రక్షణే.

అపోహ: నోటీసు తీసుకోకపోతే అందనట్టే

షోకాజ్ నోటీసు, అంటే సంజాయిషీ అడిగే నోటీసు, వస్తే పోస్ట్‌మన్‌ని వెనక్కి పంపేస్తుంటారు. కవరు మీద "తీసుకోలేదు" అని రాసి తిప్పి పంపితే అందినట్టే లెక్క. తీసుకోండి, గడువులోగా జవాబు రాయండి. తప్పు చేయకపోయినా మౌనంగా ఉండి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇంకా గడువుల సంగతి. జీతం బకాయిలకు మూడేళ్లలోగా క్లెయిమ్ వేయాలి. ఉద్యోగంలోంచి తొలగిస్తే, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద కార్మికులకు ఉన్నది రెండేళ్లే. "మళ్లీ పిలుస్తారులే" అని ఎదురుచూసి గడువు దాటాక వచ్చేవాళ్లు ఎక్కువ. ఎదురుచూడండి, తప్పులేదు. ఈలోగా లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, స్టాంపు వేయించుకున్న కాపీ మాత్రం దగ్గర పెట్టుకోండి.