సగటు స్పీడు 12 దాటింది, పరుగు ఎందుకు తప్పింది?

శ్రీకాకుళంలో తెల్లవారుజామున నాగావళి గట్టు మీద కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం పరిగెత్తే కుర్రాళ్లు కనబడతారు. మొన్న ఒకబ్బాయి ఫోన్‌లో పరుగు యాప్ చూపించాడు. "మాస్టారూ, నిన్న 5.40 వచ్చింది, ఈరోజు 5.20. రోజూ పరిగెడుతున్నా తగ్గిపోతోందేటండీ?"

తగ్గలేదు, బాగుపడింది. ఆ యాప్ చూపించేది స్పీడు కాదు, పేస్. స్పీడంటే గంటకు ఎన్ని కిలోమీటర్లో, పేసంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో చెబుతుంది. 5.20 అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 20 సెకన్లు, ఎంత తగ్గితే అంత మంచిది. 60ని ఒకదానితో భాగిస్తే రెండోది వస్తుంది. నిజానికి మన పెద్దవాళ్లకు అలవాటైన ఆలోచన పేసే. అరసవల్లి ఎంత దూరమని అడిగితే "అరగంట నడక" అంటారు. బడిలో దూరాన్ని కాలంతో భాగించే లెక్కలు వందలు చేయిస్తాం, కాలాన్ని దూరంతో భాగించే లెక్క ఒక్కటీ చేయించం. అది పెద్ద లోటని నా నమ్మకం. ఎందుకంటే అసలు విషయమంతా సగటులో ఉంది.

అరసవల్లి గుడి మీ ఇంటికి 2 కిలోమీటర్లు అనుకోండి. వెళ్లేటప్పుడు గంటకు 6 కిలోమీటర్ల చొప్పున, వచ్చేటప్పుడు 4 చొప్పున నడిచారు. సగటు 5 అనిపిస్తుంది. కానీ వెళ్లడానికి 20 నిమిషాలు, రావడానికి 30. మొత్తం 4 కిలోమీటర్లకు 50 నిమిషాలు, అంటే గంటకు 4.8. నెమ్మదిగా నడిచిన ముక్క ఎక్కువసేపు సాగుతుంది, అందుకే సగటును తనవైపు లాక్కుంటుంది. అదే పేస్‌లో చూడండి: 10, 15. సగటు 12.5. 60ని దాంతో భాగిస్తే 4.8. సరిగ్గా సరిపోయింది!

ఇంకో మెట్టు ఎక్కుదాం. వెళ్లేటప్పుడే గంటకు 4 చొప్పున నడిచారు. మొత్తం సగటు 8 రావాలంటే తిరిగి వచ్చేటప్పుడు ఎంత స్పీడు కావాలి? 12 అని తొందరపడకండి. ఏ స్పీడూ చాలదు. సగటు 8 అంటే పేస్ 7.5. సగం దారి 15తో అయిపోయింది కాబట్టి మిగతా సగం పేస్ సున్నా కావాలి. అంటే గుడి దగ్గర అడుగు తీయగానే ఇంట్లో ఉండాలి. స్పీడు భాషలో దాగిపోయిన ఈ అసాధ్యం పేస్ భాషలో ఒక్క తీసివేతతో బయటపడుతుంది.

ఇంటర్ పుస్తకం భాషలో, సమాన దూరాల మీద స్పీడుల సరైన సగటు వాటి హరాత్మక మధ్యమం: వ్యుత్క్రమాల (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేవాటి) సగటుకు వ్యుత్క్రమం. స్పీడు వ్యుత్క్రమాన్ని నిమిషాల్లో చెబితే అదే పేస్. దూరం కాకుండా కాలం సమానమైతే, అంటే అరగంట 6తో, అరగంట 4తో నడిస్తే, అప్పుడు మామూలు సగటు 5 సరైనదే.

ఇప్పుడు ఆ అబ్బాయి పరుగు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. అంటే గంటకు 12 కిలోమీటర్లు, పేస్ 5, 400 మీటర్ల రౌండుకు 2 నిమిషాలు. హుషారుగా మొదటి రెండు రౌండ్లు 100 సెకన్ల చొప్పున లాగేశాడనుకుందాం. స్పీడు 14.4. ఆయాసం వచ్చి చివరి రెండూ 145 సెకన్ల చొప్పున పట్టాయి. స్పీడు 9.93. రెండింటి మామూలు సగటు 12.17, గట్టెక్కినట్టే కనబడుతుంది. సెకన్లు కూడితే 490. పది సెకన్లతో పోయింది. కుడికాలు ముందు పెట్టి మొదలుపెట్టాలని చాలామంది జాగ్రత్త పడతారు. ఏ కాలైనా ఫరవాలేదు, మొదటి రౌండు 100 సెకన్లలో అయిపోకుండా చూసుకోవాలి.

ఆ అబ్బాయికి ఫోన్ జేబులో పెట్టుకోమన్నాను. ఇద్దరం టేపు పట్టి గట్టు మీద 100 మీటర్లకొక రాయి పెట్టాం. మొదటి రాయి దగ్గర 30 సెకన్లు, రెండో దానికి 60, తర్వాత 90, 120.