‘నా పెళ్లాం, నా ఇష్టం’ వెనకున్న చరిత్ర

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత. ఆ సామెతలో దెబ్బను ఎవరూ వింతగా చూడరు. మొగుడన్నాక కొడతాడు, దానికి ఏడుపెందుకు అన్నట్టే ఉంటుంది. ఇంట్లో చెయ్యి చేసుకునే మగవాళ్ల ఆలోచన ఈ నేల మీదే మొలిచింది.

పోలీస్ స్టేషన్‌లోనైనా, పెద్దమనుషుల ముందైనా వాళ్లు చెప్పేవి అవే మాటలు. ‘కోపం ఆగలేదు సార్.’ ‘ఎదురు మాట్లాడింది.’ ‘మా అమ్మను లెక్కచెయ్యదు.’ ‘తాగి ఉన్నా, గుర్తులేదు.’ అదే మనిషి పైఅధికారి తిడితే నోరు మూసుకుంటాడు. పక్కింటివాళ్లు తలుపు తడితే ఆగిపోతాడు. చాలామంది చీర కప్పేసే చోటే కొడతారు. ఎవరి మీద చెయ్యెత్తితే చెల్లుతుందో వాళ్లకు బాగా తెలుసు.

ఆ చెల్లుబాటులో చట్టానికీ వాటా ఉంది. భర్త బలవంతాన్ని 1860 నాటి శిక్షాస్మృతి అత్యాచారంగా లెక్కించలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, భార్యకు 18 ఏళ్లు నిండితే ఆ మినహాయింపు అలాగే ఉంది. విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే వీలు హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. 1983లో, భార్యను కాపురానికి రప్పించమని భర్త కోర్టుకెక్కిన సరిత కేసులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ చెల్లదన్నారు. ఆమె శరీరం, ఆమె ఏకాంతం ఆమెవేనని చెప్పిన గొప్ప తీర్పది. 1984లో సుప్రీంకోర్టు మరో కేసులో ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరం చేసిన శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ కూడా 1983లోనే వచ్చింది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తాగుడు దెబ్బల్ని పెంచుతుందన్న మాట నిజం, ఆ తల్లుల పోరాటం న్యాయం. అయితే కొట్టే హక్కు తనదన్న నమ్మకం సీసాలోంచి రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాల్లో ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబే అన్న ఆడవాళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో సుమారు 84 శాతం. ఈ అంకె చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇంట్లో అమ్మ కూడా సబబే అంటుంటే కొడుక్కి తప్పనిపించేదెప్పుడు?

అమెరికాలోని డులూత్ పట్టణంలో 1980ల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి విన్నారు. డబ్బు చేతికివ్వకపోవడం, పుట్టింటికి దూరం చెయ్యడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం, తప్పంతా ఆమెదేననడం, వీటన్నిటితో కలిసే దెబ్బలుంటాయని వాళ్లు చెప్పారు. కోపం తగ్గించుకోవడం నేర్పితే చాలదని, భార్య మీద పెత్తనం తనదన్న నమ్మకాన్నే ప్రశ్నించాలని అక్కడ మగవాళ్లకు తరగతులు పెట్టారు.

మన 2005 గృహహింస చట్టం కూడా కౌన్సెలింగ్‌కు వీలిచ్చింది. దాని 2006 నిబంధనల్లో చాలామంది గమనించని మాట ఒకటుంది: కౌన్సెలింగ్‌లో భర్త తన హింసకు ఏ సమర్థనా చెప్పుకోకూడదు, ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి తెలియజెయ్యాలి. ‘నువ్వూ కాస్త సర్దుకోవాలమ్మా’ అని ఆమెకు నచ్చజెప్పే పెద్దలందరికీ ఆ నిబంధన చదివి వినిపించాలి.