ఇంజనీరింగ్ సీట్లు ఇన్ని ఎలా పెరిగాయి?

బీటెక్ పట్టా చేతికొచ్చాక అమీర్‌పేటలో గది తీసుకుని, జావా కోర్సుకో టెస్టింగ్ కోర్సుకో మళ్ళీ ఫీజు కట్టే యువతను పాతికేళ్ళుగా చూస్తున్నాం. పిల్లలు సరిగా చదవలేదని వారినే నిందించడం అన్యాయం. ఈ పరిస్థితి మూలాలు ప్రభుత్వ నిర్ణయాల్లో ఉన్నాయి.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం అసలు ఫీజు కాక వసూలు చేసే సొమ్మును, నిషేధించింది. 1986లో ఎంసెట్ వచ్చింది. 1993లో, ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల సీట్లను ఫ్రీ, పేమెంట్ అని చెరిసగం చేసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పుతో ఆ పద్ధతి పోయింది. ఈలోగా 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2000 సంవత్సరం తేదీతో కంప్యూటర్లు తడబడకుండా సరిచేసే వై2కె పనులు అమెరికాకు దారి చూపాయి. ఇంజనీరింగ్ అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అన్న నమ్మకం పల్లెల దాకా పాకింది.

అసలు మలుపు 2008లో వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విద్యార్థి ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకూ ఇతర పేద కుటుంబాలకూ విస్తరించింది. కూలీల ఇళ్ళలో, కౌలు రైతుల ఇళ్ళలో ఇంజనీర్లు తయారయ్యారు. ఆ మేలును చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించలేను. లోపం చెల్లింపు పద్ధతిలో ఉంది. ఎంసెట్ ర్యాంకుతో ఇచ్చే కన్వీనర్ కోటా సీటు నిండితే కళాశాలకు సర్కారు సొమ్ము వస్తుంది; ఆ విద్యార్థికి పని వచ్చిందా, ఉద్యోగం దొరికిందా అన్నదానితో దానికి సంబంధం లేదు. కళాశాలలు ఊరూరా వెలిశాయి, ఉమ్మడి రాష్ట్రంలో వాటి సంఖ్య సుమారు 700కు చేరింది. ఐటీఐ చదువుకు గౌరవం తగ్గింది. పాలిటెక్నిక్ డిప్లొమా కూడా, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి మెట్టుగా మారింది.

ఈ సొమ్మును ప్రభుత్వం సకాలంలో చెల్లించకపోతే, ఆ బకాయిల భారం చివరికి పడేది విద్యార్థి మీదే. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని కళాశాల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేస్తుంది. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడుతుంటే తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి, ప్రభుత్వం కట్టాల్సిన సొమ్ము తాను కట్టి, వాటిని విడిపిస్తాడు. ఇంతకంటే బాధాకరమైనది ఈ కథలో మరొకటి లేదు.

ఇక చాలని చెప్పినవారు లేకపోలేదు. 2018లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి కమిటీ కొత్త కళాశాలలు ఆపమని సూచించింది. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2020 నుంచి కొన్నేళ్ళు ఆపింది, తర్వాత మళ్ళీ అనుమతించింది. 2024-25లో బ్రాంచీల సీట్లపై ఉన్న పరిమితి కూడా ఎత్తేసింది. వెంటనే సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకోవడానికి కళాశాలలు పోటీపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో కొన్ని హైకోర్టుకు వెళ్ళాయి. అదే ఏడాది ఆ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అక్కడ చేరే పిల్లలకు ఎలాంటి పని, ఎంత జీతంతో దొరుకుతుందో ఏటా బయటపెట్టాలి. బీటెక్ సీట్ల విషయంలో ఏనాడూ అడగని లెక్క అది.