వచ్చేస్తుంది, కూర్చోండి

తెనాలి.

చిరంజీవులు పెద్దదానికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. నానమ్మ మోకాళ్లు మాత్రం మామూలే.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "విమానం లేటైతే నీకూ నానమ్మకీ డబ్బులిచ్చారంట కదా! మరి నువ్వు బస్టాండులో ఉన్నప్పుడు బస్సు లేటైతే ఎవరికైనా ఇచ్చావా తాతయ్యా?" అన్నాడు. వెనకాల మీ నాన్న నవ్వడం నాకు వినపడింది. నేనూ నవ్వేశాను గానీ, రాత్రి పడుకున్నాక అదే మాట బుర్రలో తిరిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఇలా కాగితం తీశాను. ఓపిగ్గా చదవండి.

మీ తాతయ్య ఇరవై ఎనిమిదేళ్లు ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్నాడు. సెల్‌ఫోన్లు లేని రోజులు. బస్సు ఎక్కడాగిందో, టైరు పంచరైందో, వాగు పొంగిందో నాకూ తెలిసేది కాదు. అయినా కిటికీలోకి తల పెట్టి అడిగిన ప్రతివాళ్లకీ ఒకటే మాట: "వచ్చేస్తుంది, కూర్చోండి." అబద్ధమని తెలిసి చెప్పలేదు, నిజమని తెలిసీ చెప్పలేదు. నోటికి అలవాటైపోయిన మాట, అంతే.

జర్మనీలో మీ అత్త దగ్గర మూడు నెలలుండి తిరిగొస్తున్నప్పుడు అదే మాట నేను కిటికీ ఇవతల నుంచి విన్నాను. విమానంలో ఏదో భాగం పాడైందట, ఐదు గంటలు లేటు. కంపెనీ పేరెందుకులెండి. గేటు దగ్గరున్న అమ్మాయి భోజనానికి కూపన్లిచ్చింది. దాంతోపాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెట్టింది. విమానం ఎంత లేటైతే ప్రయాణికుడు ఏమేం అడగొచ్చు, ఎంత వసూలు చేసుకోవచ్చు అన్నది అందులో ఉంది. రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఆ కాగితం ఇచ్చి తీరాలని అక్కడి చట్టం. అప్పు పడ్డవాడే ఎదురొచ్చి నోటు రాసిచ్చినట్టుంది నాకు.

ఆ చట్టం నంబరు 261. యూరోపియన్ యూనియన్ అంటే 27 దేశాల కూటమి అని మీ పుస్తకంలో ఉంటుంది. ఆ కూటమి 2004లో చేసి, 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో పెట్టింది. 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణమైతే 250 యూరోలు, అది దాటి 3,500 లోపైతే 400, ఇంకా దూరమైతే 600. దూరప్రయాణంలో ఆలస్యం నాలుగు గంటల లోపే ఉంటే ఆ 600లో సగం కోయొచ్చు. మాది నాలుగు దాటింది గనక మనిషికి 600. మన డబ్బుల్లో యాభై వేలు దాటిన మాట. ఇందులో నాకు బాగా నచ్చింది, లెక్క టికెట్ ధర మీద కాకుండా దూరం మీద ఉండటం. ఇరవై యూరోలు పెట్టి చవక టికెట్ కొన్న కుర్రాడి ఆలస్యానికీ, సూటు వేసుకున్న పెద్దమనిషి ఆలస్యానికీ ఒకటే రేటు. కంపెనీలు గొణుక్కునేది కూడా దీని గురించే.

ఒక సంగతి గుర్తుంచుకోండి, రేపు మీరు అత్త దగ్గరకి వెళ్తారు కదా. యూరప్‌లో విమానం ఎక్కితే ఏ దేశపు కంపెనీ అయినా ఈ చట్టం వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఎక్కి అక్కడికి వెళ్తుంటే మాత్రం యూరప్ కంపెనీ అయితేనే. అంటే అదే విమానం పోయేటప్పుడు లేటైతే ఒక న్యాయం, వచ్చేటప్పుడు ఇంకో న్యాయం.

తమాషా ఏమిటంటే, ఆలస్యానికి డబ్బివ్వాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. విమానం రద్దైతే, లేదా టికెట్లు ఎక్కువ అమ్ముకుని మనల్ని ఎక్కించుకోకపోతే ఇవ్వాలని ఉంది. 2009లో యూరోపియన్ యూనియన్ కోర్టు జడ్జీలు ఆలోచించారు: మూడు గంటలు పోగొట్టుకున్నవాడికీ, విమానం రద్దైనవాడికీ పోయింది కాలమే కదా, ఇద్దరినీ ఒకలా చూడాల్సిందే అని తీర్పిచ్చారు. మూడు గంటల గీత అలా పుట్టింది.

గీత గీశాక గొడవ రాకుండా ఉంటుందా? సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వెళ్లిన ఒక విమానం 2 గంటల 58 నిమిషాలు ఆలస్యంగా నేలను తాకింది. వెళ్లి తన చోట ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలు. చక్రాలు తాకితే చేరినట్టే అంది కంపెనీ. నేను దిగలేదుగా అన్నాడు ప్రయాణికుడు. 2014లో కోర్టు చెప్పింది: కనీసం ఒక్క తలుపైనా తెరిచి, ప్రయాణికులు దిగొచ్చన్నప్పుడే చేరినట్టు. ఇది చదివినప్పుడు నాకెంత సంతోషమేసిందో మీకు తెలీదు. బస్సు గేటులోకి రాగానే రిజిస్టర్లో టైము వేసేసేవాణ్ణి నేను. ప్లాట్‌ఫాం ఖాళీ లేక అది ఇంకో పావుగంట బయటే నిలబడేది, లోపల జనం ఉడికిపోయేవాళ్లు. నా రిజిస్టరు ప్రకారం వాళ్లు చేరిపోయారు.

మా డబ్బు కూడా అడగ్గానే రాలేదు. మీ అత్త ఫారం నింపి పంపితే, సాంకేతిక లోపం మా చేతుల్లో లేదు అని జవాబొచ్చింది. విమానాన్ని బాగుచేసుకుంటూ నడపడం కంపెనీ రోజువారీ పనేననీ, మామూలు సాంకేతిక లోపాన్ని సాకుగా చూపకూడదనీ 2008 తీర్పు ఉంది. అత్త దాన్ని జతచేసి మళ్లీ రాసింది. మూడు నెలలకి జమైంది. మొదటి "కుదరదు"తోనే చాలామంది ఆగిపోతారని అత్త అంటుంది.

మరి నిజంగానే ఎవరి చేతుల్లోనూ లేనివి? తుపాను, మంచు, అగ్నిపర్వతం? వాటికి పరిహారం లేదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతం పేలి, బూడిద మబ్బు యూరప్ మీద కమ్మింది. దాదాపు లక్ష విమానాలు ఆగిపోయాయి. దాని పేరు ఎయాఫ్యాట్లయోకుట్ల్. నావల్ల కాలేదు, పెద్దదీ, నువ్వు ప్రయత్నించు. అప్పుడు పోర్చుగల్‌లోని ఫారో ఊళ్లో చిక్కుకున్న ఒక ప్రయాణికురాలు, డబ్లిన్ చేరేదాకా వారం రోజులు తిండికీ పడకకీ సొంత డబ్బు పెట్టుకుని, తర్వాత కోర్టుకెళ్లింది. 2013లో ఆమే గెలిచింది. పరిహారం ఇవ్వక్కర్లేదు గానీ, అగ్నిపర్వతమైనా సరే అన్నం పెట్టి, పడుకోవడానికి చోటు చూపించాల్సిందే అన్నారు జడ్జీలు. ఇంటికొచ్చినవాళ్లు వానకి చిక్కుకుపోతే మనం చేసే పనే కదా, వాళ్లు చట్టంలో రాసుకున్నారు.

అక్కడి రైళ్లకి ఇంకో చట్టం. గంట దాటి లేటైతే టికెట్‌లో పాతిక శాతం, రెండు గంటలు దాటితే సగం తిరిగిస్తారు. పెను విపత్తులొచ్చినా ఇది తప్పదని 2013లో కోర్టు అంటే, రైలు కంపెనీలు పట్టుబట్టి కొత్త చట్టంలో మినహాయింపు రాయించుకున్నాయి. 2023 జూన్ నుంచి అదే నడుస్తోంది. నాకు ఇది నచ్చలేదు. మన దగ్గరా ఒకటుంది, తెలుసుకోండి: రైలు మూడు గంటలు దాటి లేటై, మనం ఎక్కడం మానుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కొస్తుంది, దరఖాస్తు పెట్టాలంతే. ఎక్కి కూర్చుని వేచి చూసినవాడికి మాత్రం ఏమీ రాదు.

వీల్‌చెయిర్ సంగతి కూడా చెప్పమంటోంది నానమ్మ. అక్కడ కదల్లేనివాళ్లకి ఉచితంగా సాయం చేయడం విమానాశ్రయం బాధ్యత, 48 గంటల ముందు చెబితే చాలు. మన తల్లిదండ్రుల్లో మోకాళ్ల నొప్పికంటే ఇంగ్లీషు భయంతో వీల్‌చెయిర్ అడిగేవాళ్లే ఎక్కువని అత్త నవ్వుతుంది. నానమ్మకి రెండూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. అక్కడి బస్సులో నేను చూసింది నన్ను ఎక్కువ కదిలించింది. అత్తా మామయ్యా మమ్మల్ని టూరు బస్సులో పారిస్ పంపించారు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి, డ్రైవరు కాఫీ కప్పు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. మా గుంపులో ఒకాయన తొందరపెడితే, డ్రైవరు కోప్పడకుండా స్టీరింగ్ పక్కనున్న చిన్న పెట్టెను చూపించాడు. దాన్ని టాకోగ్రాఫ్ అంటారు. ఎంతసేపు నడిపాడు, ఎంతసేపు ఆగాడు అన్నీ అందులో పడతాయి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. రోజుకి తొమ్మిది గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం పది దాకా నడపొచ్చు. పోలీసులు ఎక్కడైనా ఆపి గత 56 రోజుల లెక్క చూడొచ్చు. డ్రైవరు "నాకు నిద్ర రావట్లేదు సార్, లాగించేస్తా" అన్నా కుదరదు, యజమాని "ఇంకో ట్రిప్పు వెయ్యి" అన్నా కుదరదు.

చిన్నోడా, పండగ రద్దీల్లో రాత్రంతా నడిపొచ్చిన మనిషిని పొద్దున్నే ఇంకో ట్రిప్పు వెయ్యమని బతిమాలినవాళ్లలో నేనూ ఉన్నాను. ముఖం కడుక్కుని, టీ తాగి, కిళ్లీ వేసుకుని వెళ్లేవాళ్లు. దేవుడి దయవల్ల ఏం కాలేదు. కానీ దేవుడి దయ మీద బస్సు నడిపామన్నమాటేగా.

యూరప్‌వాళ్లూ పుట్టుకతో జాగ్రత్తపరులేం కాదు. ఫ్రాన్స్‌కీ ఇటలీకీ మధ్య మోం బ్లాం కొండ కింద 11.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. 1999 మార్చి 24న పిండీ, మార్గరీన్ మోసుకెళ్తున్న లారీ అందులో అంటుకుంది. పిండీ వెన్నలాంటి పదార్థమూ కాలడమేంటి అనుకోవద్దు, సొరంగంలో మార్గరీన్ పెట్రోలులా మండింది. 39 మంది పోయారు. ఒక కొస ఫ్రాన్స్ కంపెనీది, ఇంకో కొస ఇటలీ కంపెనీది. ఇద్దరికీ చెరో కంట్రోల్ గది, వాళ్ల మధ్య సరైన సమన్వయం లేదు. సొరంగం మళ్లీ తెరిచేసరికి మూడేళ్లు పట్టింది. 2004లో, ముఖ్యమైన రహదారుల మీద 500 మీటర్లు దాటిన సొరంగాలన్నిటికీ కనీస భద్రతా నియమాలు పెట్టారు. అలా ఒక్కొక్కటీ ఎవరో పోయాకే వచ్చింది. ఆ 27 దేశాల రోడ్ల మీద 2001లో ఏడాదికి 50 వేలమందికి పైగా చనిపోయేవాళ్లు, ఇప్పుడు 20 వేల దగ్గరికొచ్చింది. మన దేశంలో 2022లో 1,68,491 మంది. మన జనాభా వాళ్లకి మూడింతలన్నమాట నిజమే, చావులు మాత్రం మూడింతలతో ఆగలేదు.

పెద్దదానికి పర్యావరణం ప్రాజెక్టు ఉందన్నారు గనక రెండు ముక్కలు. రైల్లో రెండున్నర గంటల్లో వెళ్లగలిగే ఊళ్లకి విమానాలొద్దని 2023లో ఫ్రాన్స్ నిబంధన తెచ్చింది. చప్పుడు ఎక్కువైంది, తీరా చూస్తే ఆగింది పారిస్‌లోని ఓర్లీ నుంచి వెళ్లే మూడు దారులే: బోర్డో, నాంత్, లియోన్. నా ఉద్దేశంలో లక్సెంబర్గ్ చేసిందే గట్టి పని. 2020 నుంచి దేశమంతా బస్సులూ ట్రాములూ రైళ్లూ ఉచితం, రైల్లో ఫస్ట్ క్లాసుకి తప్ప. నిషేధాల సంగతి ఎలా ఉన్నా, రైలు చెప్పిన టైముకి రాకపోతే జనం కారు తాళాలే తీస్తారు. ఈ ముక్క మీ టీచరుకి నచ్చకపోయినా రాయి.

ఆ మూడు గంటల గీత కూడా రాతి మీద గీత కాదు. 2025 జూన్‌లో ఆ దేశాల రవాణా మంత్రులు దాన్ని నాలుగు గంటలకీ, దూరప్రయాణాలకి ఆరు గంటలకీ జరుపుదామన్నారు. పరిహారం 600 కాస్తా 500 చేద్దామన్నారు. వాళ్ల పార్లమెంటు సభ్యులు మాత్రం మూడు మూడే అని పట్టుబట్టారు. గంట అటూ ఇటూ జరపడానికి ఎంత కుస్తీయో చూడండి.

ఇక నీ ప్రశ్న, చిన్నోడా. ఇవ్వలేదురా. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇవ్వాలన్న ఆలోచన నాకే కాదు, అడగాలన్న ఆలోచన వాళ్లకీ లేదు. ఒక రాత్రి హైదరాబాద్‌లో పరీక్షకి వెళ్లాల్సిన కుర్రాడొకడు, తొమ్మిదింటి బస్సు కోసం నా కిటికీ దగ్గరకి నాలుగుసార్లు వచ్చాడు. చేతిలో హాల్‌టికెట్ గొట్టంలా చుట్టి ఉంది. నాలుగుసార్లూ అదే మాట చెప్పాను. ఐదోసారి వచ్చి ఏమీ అడగలేదు, నా తల మీదుగా గోడ గడియారాన్ని చూసి వెళ్లిపోయాడు. బస్సు ఒంటిగంటకి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ గడియారం కిందే కూర్చున్నాను. కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చుంటాం కదా, అది నాకు కనపడేది కాదు.

విమానం డబ్బుల్లో నానమ్మ తన వాటాతో మోకాలికి బెల్టు కొనుక్కుంది. మిగతాది మీ దసరా బట్టలకంటోంది. చిన్నోడి చొక్కా కొలతలు పంపించండి, వాడు ఈ ఏడాది బాగా సాగాడని మీ అమ్మ చెప్పింది.

ఇట్లు,
తాతయ్య