రాకుమారుడు ప్రేమించింది రాకుమారుణ్ణయితే ఆ పుస్తకం ఏ అరలో పెట్టాలి?

రాజ్యం, రాకుమారుడు, మాంత్రికుడు, శాపం, కత్తియుద్ధం. జానపద నవలలు చదివి పెరిగిన తెలుగువాళ్లకి ఫాంటసీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో ఈ రకం కథలకి పెద్ద మార్కెట్టే ఉంది. అలాంటి కథలో రాకుమారుడు మరో కుర్రాణ్ణి ప్రేమిస్తే దాన్ని ఎవరు అచ్చు వేస్తారు, దుకాణంలో ఎక్కడ పెడతారు అన్నది అక్కడ డెబ్బై ఏళ్లుగా తేలని వ్యవహారం. ఇప్పుడు అమెరికా బడుల లైబ్రరీల్లోంచి పుస్తకాలు తీసేస్తున్నారన్న వార్తలు అర్థం కావాలంటే ఈ పాత సంగతులు తెలియాలి. రాసేవాళ్లకి ఏనాడూ కొదవ లేదు. రాసింది చదివేవాడి చేతికి చేరే దారిలోనే ప్రతిసారీ ఏదో ఒక అడ్డం పడుతూ వచ్చింది.

1953లో థియోడర్ స్టర్జన్ 'ది వరల్డ్ వెల్ లాస్ట్' అనే కథ రాశాడు. వేరే గ్రహం నుంచి పారిపోయి వచ్చిన ఓ జంటని భూమ్మీది జనం నెత్తిన పెట్టుకుంటారు. వాళ్లు నేరస్తులు, మాకు అప్పగించండి అని ఆ గ్రహం కబురు పెడుతుంది. అంతరిక్ష నౌకలో వాళ్లని తీసుకెళ్తున్న ఇద్దరు ఉద్యోగుల్లో ఒకడికి దారిలో అసలు సంగతి తెలుస్తుంది. ఆ జంటలో ఇద్దరూ మగవాళ్లే, అదే వాళ్లు చేసిన నేరం. అతను వాళ్లని తప్పించేస్తాడు. తన తోటి ఉద్యోగి మీద అతనికీ అలాంటి ప్రేమే ఉంది, నోరు విప్పి చెప్పుకోలేడు. అప్పటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ స్వలింగ సంపర్కం నేరమే. ఈ కథ తిప్పి పంపిన ఒక సంపాదకుడు, దీన్ని వేసుకోవద్దని తనకి తెలిసిన మిగతా సంపాదకులందరికీ ఫోన్లు చేశాడని రచయిత శామ్యూల్ డిలేనీ తర్వాతి కాలంలో చెప్పాడు. చివరికి 'యూనివర్స్' పత్రిక వేసుకుంది.

1970ల చివర్లో గాలి కొంచెం మారింది. ఎలిజబెత్ లిన్ 1979లో వెలువరించిన 'వాచ్‌టవర్' నవలలో ప్రేమికులైన ఇద్దరు స్త్రీలున్నారు. కథ వాళ్లని వింతగా చూడదు, సంజాయిషీ చెప్పదు. దానికి 1980లో వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది. ఆమెదే మరో నవల 'ఎ డిఫరెంట్ లైట్'. గే, లెస్బియన్ పుస్తకాల కోసమే 1979లో లాస్ ఏంజెలెస్‌లో తెరిచిన దుకాణానికి ఆ నవల పేరే పెట్టుకున్నారు. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో, న్యూయార్క్‌లో కూడా దానికి శాఖలు వెలిశాయి. శాన్ ఫ్రాన్సిస్కో దుకాణం 2011లో మూతపడింది.

ఇలాంటి దుకాణాలు చేసిన మేలు తక్కువది కాదు. ఇంకెక్కడా దొరకని పుస్తకాలు అక్కడ దొరికేవి. కానీ ఏ చిన్న ఊళ్లోనో ఉండే పదిహేనేళ్ల కుర్రాడికి అలాంటి చోటు ఒకటుందని తెలిసేదెలా? తెలిసినా గడప తొక్కే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎయిడ్స్ రోజుల్లో డిలేనీ చేసిన పని వేరు. 1985లో వచ్చిన 'ఫ్లైట్ ఫ్రమ్ నెవెరియోన్'లో కొల్హారి అనే ప్రాచీన కల్పిత నగరానికి మాయరోగం వస్తుంది, దాని పక్కనే నాటి న్యూయార్క్ కూడా కనిపిస్తూ ఉంటుంది. జబ్బు గురించి పెద్దలు పెదవి విప్పని రోజుల్లో ఫాంటసీ దాన్ని నెత్తికెత్తుకుంది.

ఆ పదిహేనేళ్ల కుర్రాడికి పుస్తకం అందింది మాత్రం మెర్సిడెస్ లాకీ వల్ల. 1989లో డా బుక్స్ వేసిన 'మ్యాజిక్స్ పాన్' మూడు నవలల వరుసలో మొదటిది, జేబులో పట్టే చవక ప్రతి. అందరూ కొనే ఫాంటసీ పుస్తకాలతో కలిసి అదే అరలో ఉండేది. కథానాయకుడు వాన్యెల్ ఓ జమీందారు పెద్దకొడుకు. పాటలు కట్టి పాడుకుంటూ బతకాలని అతని ఆశ. కొడుకుని యోధుణ్ణి చెయ్యాలని తండ్రి పట్టు. కత్తి నేర్పే గురువు సాధనలో వాన్యెల్ చెయ్యి విరగ్గొడతాడు, తండ్రేమో గురువు పక్షం వహిస్తాడు. ఇలా లాభం లేదని అతన్ని రాజధానిలో మంత్రవిద్య నేర్పే మేనత్త సావిల్ దగ్గరికి పంపేస్తారు. అక్కడ ఆమె శిష్యుడు టైలెండెల్‌తో ప్రేమలో పడతాడు. మంత్రాలు, యుద్ధాలు, మాట్లాడే తెల్లగుర్రాలు చాలా ఉన్నాయి గానీ, పాఠకులకి గుర్తుండిపోయింది మాత్రం తండ్రి మెప్పు కోసం మొహం వాచిపోయిన ఆ కుర్రాడే.

ఇందులో లోపం లేదనను. టైలెండెల్ చనిపోతాడు, మూడో భాగం చివర్లో వాన్యెల్ కూడా. మగవాణ్ణి ప్రేమించిన మగవాడికి చావు రాసిపెట్టి ఉండాల్సిందేనా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా పాఠకుడి దగ్గరికి చేరడంలో ఈ మూడు నవలలు సాధించింది చాలా పెద్దదని నా నమ్మకం. మూడోదానికి, గే, లెస్బియన్ సాహిత్యానికి ఇచ్చే లాంబ్డా పురస్కారం కూడా వచ్చింది.

ఈలోగా పాఠకులు తమంతట తామే కూడారు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ చదివే గే పాఠకుల కోసం గేలాక్సికాన్ అనే సమావేశాలు 1988లో మొదలయ్యాయి. 1999 నుంచి గేలాక్టిక్ స్పెక్ట్రమ్ పేరుతో అవార్డులు ఇవ్వసాగారు.

2007 అక్టోబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ వేదిక మీద జె.కె. రౌలింగ్, తన హ్యారీ పాటర్ కథల్లో బడి పెద్దగా ఉండే డంబుల్‌డోర్ గే అని ప్రకటించింది. ప్రపంచమంతా వార్త అయింది. అప్పటికి హ్యారీ పాటర్ ఏడు భాగాలూ వచ్చేశాయి, ఒక్కదాంట్లోనూ ఆ ముక్క లేదు. కథలో లేనిదాన్ని వేదిక మీద ఇవ్వడం పాఠకుడికి చేసిన న్యాయం అనిపించుకోదు.

తర్వాతి అడ్డం కంప్యూటర్ల లోపలినుంచి వచ్చింది. 2009 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల్లో, అమెజాన్‌లో వేలాది పుస్తకాల అమ్మకాల ర్యాంకులు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వాటిలో గే, లెస్బియన్ పుస్తకాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. ర్యాంకు లేని పుస్తకం బెస్ట్ సెల్లర్ జాబితాలో ఉండదు, వెతుకులాటలో కూడా వెనకబడుతుంది. అంటే దుకాణంలో ఉండి కూడా లేనట్టే. రచయితలు ట్విట్టర్‌లో గగ్గోలు పెట్టారు. ఇది కేటలాగులో జరిగిన పొరపాటనీ, మొత్తం 57,310 పుస్తకాల మీద ప్రభావం పడిందనీ కంపెనీ చెప్పి, ర్యాంకులు మళ్లీ పెట్టింది. పొరపాటే అనుకుందాం. ఒక్క మీట నొక్కితే ఇన్ని పుస్తకాలు కనపడకుండా పోతాయన్న సంగతి మాత్రం ఆ వారంలోనే అందరికీ తెలిసొచ్చింది.

2011 సెప్టెంబరులో రేచెల్ మనీజా బ్రౌన్, షెర్వుడ్ స్మిత్ కలిసి పుస్తక ప్రచురణ రంగం పత్రిక పబ్లిషర్స్ వీక్లీకి ఒక వ్యాసం రాశారు. కౌమారవయసు పాఠకుల కోసం తాము రాసిన నవలలో ఒక ముఖ్యపాత్ర గే కుర్రాడు. ఆ పాత్రని అమ్మాయిని ప్రేమించేవాడిగా మార్చండి, లేదంటే అతను గే అన్న ప్రస్తావనే తీసెయ్యండి, అప్పుడైతే మీ పుస్తకాన్ని ప్రచురణకర్తలకి అమ్మిపెడతానని ఓ ఏజెంట్ అన్నట్టు అందులో చెప్పారు. ఏజెన్సీ దాన్ని ఒప్పుకోలేదు, అలాంటి షరతేదీ పెట్టలేదంది. ఎవరి మాట ఎలా ఉన్నా, మాకూ ఇలాగే అయిందంటూ ఇతర రచయితలు బయటికొచ్చారు. ఆ నవల 'స్ట్రేంజర్' 2014లో వైకింగ్ సంస్థ నుంచి, ఆ పాత్రతోనే వచ్చింది.

2020 నాటికి పరిస్థితి తారుమారైంది. ఏడెన్ థామస్ 'సెమెటరీ బాయ్స్'లో లాస్ ఏంజెలెస్‌లోని లాటినో కుటుంబానికి చెందిన ట్రాన్స్ కుర్రాడు (పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అనుకున్నవాడు), తన ఇంటివాళ్ల మంత్రవిద్య తనకీ వచ్చని నిరూపించుకోబోయి ఒక కుర్రాడి ఆత్మని పిలుస్తాడు, అతనితోనే ప్రేమలో పడతాడు. అది న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది. ఇప్పుడు ప్రచురణకర్తలు గే అన్న మాట దాచడం లేదు. పుస్తకం వర్ణనలోనే రాస్తున్నారు, వెతికేవాళ్లకి దొరకాలని ట్యాగులూ పెడుతున్నారు.

ఇబ్బందేమిటంటే, అదే మాట పట్టుకుని తీసేయించేవాళ్లూ వెతుకుతున్నారు. 2021 అక్టోబరులో టెక్సస్ శాసనసభ్యుడు మ్యాట్ క్రాస్ సుమారు 850 పుస్తకాల జాబితాని బడులకి పంపాడు. ఇందులో మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఎన్ని కాపీలు, వాటికి ఎంత ఖర్చుపెట్టారు అని ఆరా తీశాడు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికా బడుల్లో పుస్తకాల మీద 10,046 నిషేధ ఘటనలని రచయితల సంఘం పెన్ అమెరికా లెక్కగట్టింది. అన్నీ ఫాంటసీలూ కావు, అన్నీ గే పాత్రలున్నవీ కావు. కానీ అలాంటి పాత్రలున్న పుస్తకాలకి ఆ జాబితాల్లో పెద్దపీటే వేశారు. కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్లని ఈ నిషేధాలు ఆపలేవు, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే రెండ్రోజుల్లో గుమ్మంలోకి వస్తుంది. చేతిలో డబ్బు ఆడనివాళ్లకి, ఇంట్లో వాళ్ల కంటపడకుండా చదువుకోవాల్సినవాళ్లకి బడి లైబ్రరీ ఒక్కటే దిక్కు. తీసేస్తున్నది వాళ్ల చేతుల్లోంచే.