పట్టుకున్న పప్పు మళ్ళీ ఆ గోదాముకే

కంది ధర కాస్త కదిలిందంటే చాలు, నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్ళలో 'స్టాక్' మాట లేస్తుంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడు మళ్ళీ అదే గొడవ: సరుకు దాచింది సేటా, రైతా? సరుకు నిల్వకు ప్రభుత్వం హద్దు పెట్టేది 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే 2015 దసరా రోజులకు వెళ్ళాలి.

2014, 2015 వరుసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. మరాఠ్వాడా ఎండిపోయింది. ఆ అక్టోబరులో కిలో కందిపప్పు 200 రూపాయలకు చేరింది. అదే నెల 18న కేంద్రం దిగుమతిదారులనూ లైసెన్సు ఉన్న ఆహార తయారీదారులనూ పెద్ద దుకాణాలనూ కూడా నిల్వ పరిమితి కిందికి తెచ్చింది. దాడుల్లో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ సరుకు దొరికింది మహారాష్ట్రలోనే. తర్వాత ఏమైంది? కిలో 100 రూపాయలకు అమ్ముతామని బాండు రాయించుకొని, ఆ పప్పును వ్యాపారులకే తిరిగి ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దొరికిపోతే మహా అయితే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, అంతే. బజారు ఆ పాఠం గట్టిగానే నేర్చుకుంది. నా లెక్కలో మలుపు అదే.

మిల్లర్లు ఒప్పుకోరు. కంది వచ్చేది రెండు మూడు నెలలే, మిల్లు ఏడాదంతా ఆడాలి, నిల్వ లేకపోతే ఎలా అంటారు. 2023 జూన్‌లో టోకు వ్యాపారికి 200 టన్నులన్న కేంద్రం సెప్టెంబరులో 50కి కుదించి, నవంబరులో మళ్ళీ 200 చేసింది. ఇట్లయితే ఎంత కొనాలో తెలియదన్న వాళ్ళ మాటలో నిజం ఉంది.

రైతు గోడు వినాలంటే మాత్రం 2017కి రావాలి. 200 ధర చూసి అందరూ కందే వేశారు, వానా బాగా పడింది. దేశంలో అంతకు ముందు ఏడాది 25 లక్షల టన్నులున్న దిగుబడి దాదాపు 48 లక్షలకు పోయింది. మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050. మోండాలో, అంటే ధాన్యం బజారులో, 4,000 దొరకడమే గగనమైంది. మోండాలో లెక్క మరాఠీలో, బేరం హిందీలో, తిట్టు మాత్రం తెలుగులో నడుస్తుంది. సేటు కుప్పలోంచి పిడికెడు తీసి, ఒక గింజ పంటి కింద వేసి చూస్తాడు. కటుక్కుమనకపోతే తేమ ఉందని ధర కోస్తాడు. అది తప్పించుకుందామని ప్రభుత్వ కేంద్రానికి పోతే బారదాన్ (గోనె సంచులు) లేదన్నారు. బళ్ళు వరసలో ఉండగానే ఏప్రిల్ 22న కొనుగోళ్ళు ఆపేశారు. (తర్వాత రాష్ట్రం మళ్ళీ కొంత కొన్నది, అది వేరే సంగతి.) విత్తనాల అప్పు నెత్తిమీదున్నవాడు ఆగుతాడా? సేటుకే వేసి వచ్చాడు. అలా చవగ్గా కొన్నదే రైతుల పేరు మీద కేంద్రాల్లో మద్దతు ధరకు అమ్మారన్న ఆరోపణలూ అప్పటివే. 2006 నుంచి ఉన్న ఎగుమతి నిషేధాన్ని ఎత్తేసింది ఎప్పుడు? 2017 సెప్టెంబరులో, చాలామంది అమ్ముకున్నాక.

ధర ఏడాదిలో సగానికి సగం పెరిగితే తప్ప నిల్వ పరిమితి పెట్టకూడదంటూ నిత్యావసర సరుకుల చట్టానికి చేసిన 2020 సవరణ మధ్యలో వచ్చి, 2021లో సాగు చట్టాలతో పాటే పోయింది.

ఆ దెబ్బ తిన్నవాళ్ళే ఇప్పుడు నాలుగైదు బస్తాలు లోపలి గదిలో వేపాకు వేసి ఉంచుకుంటున్నారు. పిల్ల పెళ్ళికో, జూన్‌లో విత్తనాలకో. వాళ్ళనూ 'స్టాకిస్టులు' అంటున్నారు వ్యాపారులు. 2023 నాటి నిల్వ పరిమితి ఉత్తర్వు తీసి చూడండి: టోకు వ్యాపారులు, చిల్లర దుకాణాలు, పెద్ద చైన్ స్టోర్లు, మిల్లర్లు, దిగుమతిదారులు. రైతు పేరు అందులో లేదు.